ఆ తల్లి అన్నము తిన్నదా?



గడచిన రిపబ్లిక్ దినమున మా మందిరపు ఆవరణలో జెండా ఎగురవేసిన తరువాత యౌవనస్థుల కూడిక జరిగినది. పిల్లలకు ఒక వీరసైనికుని గూర్చి చెప్పుమని మమ్మును అడిగిరి. మహారాష్ట్రలో స్థిరపడిన మన కుటుంబముల పిల్లలు బడిలో మరాఠీ చదివి, ఇంటిలో తెలుగు మాటలాడి, పాటల పుస్తకమును మాత్రము కూడబలుకుకొని చదువువారు. వారికి దగ్గరగా ఉండునని పూణెలో పుట్టిన ఒకని కథను ఎంచుకొంటిమి. ఇరువదియొక్క యేండ్ల ప్రాయములో ప్రాణము విడిచి, మరణానంతరము పరమవీర చక్ర పొందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ కథ అది. కథ బాగుగా సాగినది. పిల్లలు కదలక వినిరి. చివరను చప్పట్లు మ్రోగెను. వెనుక బెంచీలో ఒకడు ఈల కూడ వేయగా పెద్దలు వారించిరి.

టీ త్రాగు సమయమున ఒక అమ్మగారు మా యొద్దకు వచ్చెను. ఆమె కుమారుడు పదునెనిమిది యేండ్లు సైన్యములో జవానుగా పనిచేసి, క్షేమముగా పెన్షను మీద తిరిగి వచ్చినవాడు. ఆమె మమ్మును పొగడనూ లేదు, తప్పు పట్టనూ లేదు. “అందరూ చప్పట్లు కొట్టినారు గదా నాయనా, ఆ తల్లి ఆ రాత్రి అన్నం తిన్నదా?” అని మాత్రము అడిగెను. మేము కప్పు చేతిలో పట్టుకొని నిలిచిపోతిమి. వేదిక మీద అంతసేపు మాటలాడిన మాకు అప్పుడు ఒక్క మాట దొరకలేదు.

ఆ ప్రశ్న ఇంటివరకు మాతో వచ్చినది. ఒక యౌవనస్థుడు యుద్ధములో ధైర్యముగా చనిపోయెను. దేశము అతనిని ఘనపరచెను. మనమును ఘనపరచుచున్నాము. అట్లు చేయునప్పుడు నిజముగా ఏమి చేయుచున్నాము? ఈ సంగతిని మా కొరకు మేము తేల్చుకొనవలెనని వ్రాయుచున్నాము. మీరు కూడ మాతో కూర్చుండి ఆలోచింపుడి.

మొదట కథ. తెలియనివారి కొరకు కొంచెము విపులముగానే చెప్పెదము.

అరుణ్ 1950 అక్టోబరు 14న పుట్టెను. వారిది తరతరములుగా సైనికుల కుటుంబము. తాత మొదటి ప్రపంచ యుద్ధములో పనిచేసెను. తండ్రి ఎం.ఎల్. ఖేతర్‌పాల్ ఇంజనీర్ల దళపు అధికారి, బ్రిగేడియరు పదవివరకు వెళ్ళినవారు. వారి సొంత ఊరు సర్గోధా. దేశవిభజనలో అది పాకిస్తాను పాలైనది. అనగా ఆ తండ్రి కూడ మనవలెనే పుట్టిన నేలను విడిచి వేరొక చోట ఇల్లు కట్టుకొనినవాడు. అయితే మన పెద్దలు పని వెదకుకొనుచు వచ్చిరి, ఆయన తిరిగి పోలేని స్థితిలో ఉండెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి, తరువాత పనికి వచ్చును.

1967లో అరుణ్ ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో చేరెను. 1971 జూన్ 13న 17 పూనా హార్స్ అను ట్యాంకుల రెజిమెంటులో అధికారి అయ్యెను. 1965 యుద్ధములో ఇదే రెజిమెంటును నడిపించుచు చనిపోయి పరమవీర చక్ర పొందిన లెఫ్టినెంట్ కర్నల్ తారాపూర్ మొదట హైదరాబాదు సంస్థానపు సైన్యములో పనిచేసినవారు. తెలంగాణము నుండి వచ్చిన మన కుటుంబములలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

డిసెంబరులో యుద్ధము వచ్చునప్పటికి అరుణ్ అహమద్‌నగర్‌లో శిక్షణ పొందుచుండెను. కబురు రాగానే రెజిమెంటుకు బయలుదేరెను. సామానులో గోల్ఫ్ కర్రలను, విందులలో తొడుగుకొను నీలపు దుస్తులను కూడ సర్దుకొనెనని చెప్పుదురు. ఎందుకని అడిగితే, లాహోరులో గోల్ఫ్ ఆడవలెను గదా, గెలిచిన తరువాత విందు ఉండును గదా అనెనట. ఈ ఒక్క సంగతి వలన అతడు ఎంత పిల్లవాడో మాకు అర్థమైనది. కూడికలో దీనిని చెప్పినప్పుడు పిల్లలు నవ్విరి, మేమును నవ్వితిమి.

శకర్‌గఢ్ ప్రాంతములో బసంతర్ అను నది కలదు. డిసెంబరు 15 రాత్రి మన పదాతిదళము దానిని దాటి ఆవలి గట్టున కొంత చోటు సంపాదించెను. ఇంజనీర్లు మందుపాతరలు తీసివేయుచుండిరి. ఆ పని ముగియక మునుపే శత్రు ట్యాంకులు కదలుచున్నవని తెలిసి, పూనా హార్స్ ట్యాంకులు ఆ మందుపాతరల నేల మీదుగానే దాటిపోయినవి. మరునాడు జర్‌పాల్ గ్రామము దగ్గర ఒక స్క్వాడ్రను ఒత్తిడిలో పడి సహాయము కోరగా, అరుణ్ తన ట్యాంకులతో ముందుకు వెళ్ళెను. అతడు ఎక్కిన ట్యాంకు పేరు ఫామగుస్టా. ఆ పోరులో పది శత్రు ట్యాంకులు ధ్వంసమైనవని, వాటిలో నాలుగు అరుణ్ చేతనే ధ్వంసమైనవని అతని ప్రశంసాపత్రము చెప్పుచున్నది. ప్రక్కనున్న మన ట్యాంకులు ఒకటొకటిగా పనికిరాకుండ పోయెను. ఫామగుస్టాకు దెబ్బ తగిలి నిప్పంటుకొనెను. పై అధికారి రేడియోలో ట్యాంకును విడిచి బయటికి రమ్మని ఆజ్ఞాపించెను. తన ఫిరంగి ఇంకను పనిచేయుచున్నది గనుక విడువనని అరుణ్ జవాబిచ్చెను. సుమారు నూరు మీటర్ల దూరమునకు వచ్చిన చివరి ట్యాంకును కొట్టెను. తరువాత తగిలిన దెబ్బకు ప్రాణము విడిచెను. శత్రువు ఆ చోట దారి చేసుకొనలేకపోయెను.

మేము చప్పట్ల కొరకు ఆపినది ఇక్కడనే.

ఇప్పుడు ఆలోచించగా, చెప్పినదానికంటె చెప్పక విడిచినదే ఎక్కువగా కనబడుచున్నది. ఆ ట్యాంకులో అరుణ్ ఒక్కడే లేడు. ట్యాంకు నడుపువాడు, గురి పెట్టువాడు, గుండ్లు నింపి రేడియో చూచుకొనువాడు, మరి ముగ్గురుండిరి. వారిలో సవారు నంద్ సింగ్ ఆ దినమే చనిపోయెను. విడువనని అరుణ్ చెప్పినప్పుడు ఆ మాట నలుగురి కొరకు చెప్పినట్లయినది. అధికారి మాట అటువంటిది. ఇది అతనిమీద నేరము మోపుటకు వ్రాయుట లేదు. వెనుకనున్న పదాతిదళపు జవానులు ఎంతమందో అతనికి తెలియును. ముందున్న ట్యాంకు దాటిపోయినచో వారి గతి యేమగునో కూడ తెలియును. నలుగురి ప్రాణములు ఒకవైపు, నూర్ల కొలది ప్రాణములు ఒకవైపు. తూకము వేయుటకు క్షణములే ఉండెను. ఇరువదియొక్క యేండ్లవాడు ఆ తూకము వేసెను. మన పిల్లలలో ఆ వయస్సువారికి పరీక్ష ఫీజు కట్టుటకు ఆఖరు తేదీ జ్ఞాపకముండదు.

ఇంకొక సంగతి. నాలుగు ట్యాంకులు అని మేము క్రికెట్ పరుగులు లెక్కించినట్లు చెప్పితిమి. ఒక్కొక్క సంఖ్యకు పిల్లల కన్నులు మెరిసినవి. ఆ ట్యాంకులలో ఒక్కొక్కదానిలోను నలుగురేసి మనుష్యులు ఎక్కుదురు. వారికిని ఇండ్లలో ఎదురుచూచువారు ఉండిరి. చంపుటలో గల నేర్పును పొగడుటయు, విడువక నిలిచిన నిబ్బరమును పొగడుటయు ఒక్కటి కాదు. యుద్ధములో రెండును కలిసియే వచ్చును, విడదీయుట కష్టము. అయినను చెప్పువాడు ఏ వైపు గొంతు పెంచునో అటే వినువాని మనస్సు పోవును. మేము ఏ వైపు పెంచితిమో మాకు తెలియును.

క్రైస్తవుడు సైన్యములో చేరవచ్చునా అను వాదము మన సంఘములలో చాల పాతది. దానిని ఇక్కడ ఎత్తుకొనము. చేరినవారు మన మధ్య ఉన్నారు, వారి పెన్షను మీద పిల్లలు చదువుకొనిరి, మందిరము పైకప్పుకు కానుకలిచ్చిరి.

అమ్మగారి ప్రశ్నకు వచ్చెదము. అరుణ్ బయలుదేరునప్పుడు అతని తల్లి, నీ తాతయు తండ్రియు ధైర్యముగా పోరాడిరి, నీవును అట్లే పోరాడుము, పిరికివాడవై తిరిగి రావద్దు అను భావముతో మాటలాడెనని చెప్పుదురు. ఈ మాట చెప్పుకొనుట మనకందరకు ఇష్టము. వీరమాత అని ఆమెకు పేరు పెట్టి, ఆ పేరుతో ఆమెను ఒక బొమ్మగా చేసి గోడకు తగిలించుదుము. బొమ్మకు ఆకలి ఉండదు, నిద్ర పట్టకపోవుట ఉండదు. ఆ మాట పలికిన తల్లియే కొడుకు సంచిలో తినుబండారములు పెట్టియుండునని మేము తలంచుచున్నాము. ఏ తల్లి పెట్టదు?

ఇక ఆ రాత్రి. డిసెంబరు 16న, అరుణ్ చనిపోయిన అదే దినమున, ఢాకాలో పాకిస్తాను సైన్యము లొంగిపోయెను. మరునాడు పశ్చిమ సరిహద్దున కూడ కాల్పులు నిలిచెను. దేశమంతట సంతోషము. యుద్ధము ముగిసినదని రేడియోలో విని ఊపిరి పీల్చుకొనిన వేలాది సైనికుల ఇండ్లలో ఆ ఇల్లు కూడ ఒకటి. మరణవార్త వారికి చేరినది దాని తరువాతనే. కాబట్టి ఆ రాత్రి ఆ తల్లి అన్నము తిన్నదనియే మేము అనుకొనుచున్నాము, ఎందుకనగా ఆ రాత్రి ఆమెకు తెలియదు. తెలిసిన రాత్రి సంగతి వేరు. ఆ రాత్రిని గూర్చి ఏ ప్రశంసాపత్రములోను వ్రాయబడదు.

ఒక్క దినము గడిచియుంటే యుద్ధము ముగిసియుండును గదా, అతడు బయటికి దూకియుండవలసినది అని తరువాత కూర్చుండి చెప్పువారు ఉందురు. మాకును ఆ తలంపు వచ్చినది. కాని మనకు డిసెంబరు 17 తెలియును, అతనికి 16 మాత్రమే తెలియును. ధైర్యమును గూర్చి తీర్పు చెప్పువాడు ఆ మనిషికి ఆ గడియలో తెలిసినదానిని పట్టియే చెప్పవలెను. ఈ విషయములో మాకు సందేహము లేదు.

కథ అక్కడితో ముగియలేదు. ఈ భాగమును మేము కూడికలో చెప్పలేదు. సమయము చాలలేదని ఆ దినము అనుకొంటిమి. చప్పట్లు చల్లారునని భయపడితిమేమో.

2001లో బ్రిగేడియర్ ఖేతర్‌పాల్ ఎనుబది దాటిన వయస్సులో తాను పుట్టిన సర్గోధాను ఒకసారి చూడవలెనని పాకిస్తాను వెళ్ళెను. లాహోరులో ఆయనకు ఆతిథ్యమిచ్చినవాడు పాకిస్తాను సైన్యపు విశ్రాంత బ్రిగేడియర్ ఖ్వాజా మొహమ్మద్ నాసర్. మూడు దినములు ఆ ఇంటివారు ఆ వృద్ధుని తమ ఇంటి పెద్దవలె చూచుకొనిరి. ఆ గౌరవము, ఆ శ్రద్ధ మామూలు మర్యాదకు మించియున్నట్లు ఆయనకు తోచెను. వెళ్ళిపోవుటకు ముందటి రాత్రి, భోజనమైన తరువాత, నాసర్ ఆయనతో ఏకాంతముగా కూర్చుండి, ఎన్నో యేండ్లుగా చెప్పవలెనని ఉన్న ఒక మాట ఉన్నదని మొదలుపెట్టెను. 1971 డిసెంబరు 16న బసంతర్ దగ్గర 13 లాన్సర్స్ రెజిమెంటు ట్యాంకులతో ఎదురుగా నిలిచినవాడను నేనే, మీ కుమారుడు నా చేతిలోనే చనిపోయెనని చెప్పెను. ఆ చోట అతడు కొండవలె నిలిచెననియు, ఆ అధికారి ఎంత చిన్న వయస్సువాడో తనకు తరువాతనే తెలిసినదనియు చెప్పెను.

అరుణ్ గోల్ఫ్ ఆడవలెనని కలగనిన లాహోరు అది. ముప్పది యేండ్ల తరువాత అతని తండ్రి అక్కడ విందు తినెను. ఎవరి ఇంటిలోనో చూచితిరి గదా.

ఆ తండ్రి లేచి బయటికి వెళ్ళిపోలేదు, కేకలు వేయలేదు. మరుసటి దినము ఆతిథ్యమిచ్చినవానితో నిలిచి ఫోటో తీయించుకొని దేశమునకు తిరిగి వచ్చెను. నాసర్ తరువాత ఆ ఫోటోను ఆయనకు పంపెను. ఆయన హృదయములో ఏమి జరిగినదో మనము ఊహించి వ్రాయుట మర్యాద కాదు. క్షమించెను అని వ్రాయుటకు మా కలము వెనుకాడుచున్నది. మందిరములలో మనము ఆ మాటను చాల తేలికగా వాడుదుము. ఎవరో ఒకరి చేత చెప్పించి, ప్రార్థన చేసి, ఇంటికి పోవుదుము. నాసర్ తప్పు చేసెనని కూడ ఆ తండ్రి అనుకొనియుండడు. సైనికుడై ఆయనకు తెలియును: కుమారుడు ముందుగా కాల్చియుంటే ఇవతల ఇంకొక తండ్రి ఉండెడివాడు. కాని తెలియుట ఒకటి, ఆ చేతితో వడ్డించిన అన్నము తినియుంటినని తెలిసికొనుట ఇంకొకటి.

నాసర్ వైపు నుండి కూడ ఆలోచింపవలెను. చెప్పకపోయినా జరిగిపోవును. ఆ వృద్ధుడు సంతోషముగా తిరిగి వెళ్ళెడివాడు, ఎవరికిని తెలియకపోవును. చంపినవాడు చంపబడినవాని తండ్రి ఎదుట కూర్చుండి నేనే అని చెప్పుటకు కావలసిన ధైర్యము, ట్యాంకులో కావలసినదానికంటె తక్కువది కాదని మేము ఎంచుచున్నాము. దానికి ఏ పతకమును లేదు.

ఇటువంటిది ఆ యుద్ధభూమిలో అప్పుడే ఒకటి జరిగినది. డిసెంబరు 17న అదే జర్‌పాల్ దగ్గర పాకిస్తాను లెఫ్టినెంట్ కర్నల్ మొహమ్మద్ అక్రమ్ రాజా తన పదాతిదళమును నడిపించుకొని మన మోర్చాల మీదికి వచ్చి చనిపోయెను. ఎదుట నిలిచిన 3 గ్రెనేడియర్స్ అధికారి లెఫ్టినెంట్ కర్నల్ వి.పి. ఐరీ, శత్రువైన అతని ధైర్యమును మెచ్చుచు వ్రాసి పంపెను. పాకిస్తాను అతనికి హిలాల్-ఎ-జుర్రత్ ఇచ్చినది. 1999లో కార్గిల్ యుద్ధమున టైగర్ హిల్ మీద చనిపోయిన పాకిస్తాను కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ జేబులో కూడ మన బ్రిగేడియర్ బాజ్వా అట్టి చీటీ వ్రాసి పెట్టించి దేహమును పంపెను. అక్కడివారు అతనికి తమ అత్యున్నత పతకమైన నిషాన్-ఎ-హైదర్ ఇచ్చిరి.

ఇదంతయు అధికారుల మధ్య మర్యాదలు, వీటివలన యుద్ధములు ఆగినవా అని అడుగువారికి, ఆగలేదు అనియే జవాబు. ఆ తండ్రి లాహోరు వెళ్ళివచ్చిన 2001లోనే, డిసెంబరులో మన పార్లమెంటు మీద దాడి జరిగినది. రెండు దేశముల సైన్యములు నెలల తరబడి సరిహద్దున ఎదురెదురుగా నిలిచెను. కాబట్టి లాహోరు విందును పెద్దది చేసి చూపుట మా ఉద్దేశము కాదు. దానివలన ఒక్క తుపాకి దించబడలేదు. అయినను అరుణ్ మరణమును గూర్చి ద్వేషించుటకు ఈ లోకములో ఎవరికైన హక్కు ఉన్నదంటే అది ఆ తండ్రికి ఉన్నది. అతనిని శత్రువని తక్కువ చేసి మాటలాడుటకు ఎవరికైన కారణమున్నదంటే ఎదుట నిలిచి కాల్చిన నాసర్‌కు ఉన్నది. ఆ ఇద్దరును ఆ పని చేయలేదు. మరి టీ దుకాణములో కూర్చుండి, క్రికెట్ మ్యాచ్ చూచుచు, ఎన్నికల సభలో జెండా ఊపుచు అతని వంటివారి పేర్లతో ఎవరినో దూషించువారికి ఆ హక్కు ఎవరిచ్చిరి?

దావీదు గుహలో దాగియున్న దినములలో బేత్లెహేము బావి నీళ్ళు త్రాగవలెనని ఆశపడిన సంగతి మీకు తెలియును. ముగ్గురు బలాఢ్యులు ఫిలిష్తీయుల దండు గుండ చొచ్చుకొనిపోయి ఆ నీళ్ళు తెచ్చిరి. దావీదు త్రాగలేదు. ప్రాణమునకు తెగించి తెచ్చినవారి రక్తమువంటిదని ఆ నీళ్ళను దేవుని సన్నిధిని పారబోసెను. చిన్నప్పుడు సండే స్కూలులో ఈ కథ వినునప్పుడు, అంత కష్టపడి తెచ్చినవి పారబోయుట వారిని అవమానపరచుట కాదా అని మాకు కోపము వచ్చెడిది. ఇప్పుడు అట్లు తోచుట లేదు. ఒకని ప్రాణపు వెలతో వచ్చినదానిని తన దాహము తీర్చుకొనుటకు ఆయన వాడుకొనలేదు. రిపబ్లిక్ దినమున మేము త్రాగితిమి. కూడిక రక్తి కట్టవలెను, పిల్లలు మెచ్చుకొనవలెను, మా మాటకారితనము నలుగురు చెప్పుకొనవలెను. ఆ దాహమునకు అరుణ్ పనికి వచ్చెను.

ఖడక్‌వాస్లా అకాడమీలోని కవాతు మైదానమునకు నేడు ఖేతర్‌పాల్ పేరున్నది. ప్రతి సంవత్సరము వందలమంది పిల్లలు ఆ నేలమీద నడచి అధికారులగుదురు. వారు అతనిని జ్ఞాపకము చేసికొనుట వేరు; వారికి తమ వంతు రావచ్చునని తెలియును. మన వంతు రాదని తెలిసిన మనము జ్ఞాపకము చేసికొనుట వేరు. గొంతు తగ్గించి చెప్పుటకు మనకు అది చాలును.

మరుసటి నెల కూడికలో ఆ కథను మరల చెప్పుటకు అనుమతి అడిగితిమి. ఈసారి నంద్ సింగ్ పేరు చెప్పితిమి. ట్యాంకులను లెక్కపెట్టలేదు. లాహోరువరకు చెప్పితిమి. చప్పట్లు రాలేదు, కొట్టవలెనో వద్దో పిల్లలకు తెలియలేదు. ఈల వేసిన అబ్బాయి మాత్రము, ఆ తాతగారు ఆయనను కొట్టలేదా అని అడిగెను. లేదంటిమి. వాడు నమ్మినట్లు కనబడలేదు.

అమ్మగారు చివరి వరుసలో కూర్చుండి కండ్లద్దములు కొంగుతో తుడుచుకొనుచుండెను. అందరు వెళ్ళిన తరువాత మెల్లగా లేచి వచ్చి, “ఆ పెద్దాయనకు వాళ్ళు అన్నం బాగా పెట్టినారా నాయనా?” అని అడిగెను.

మూడు దినములు పెట్టిరమ్మా అని చెప్పితిమి.